ఆ పట్టిక నేను రాసివ్వను

ప్రశ్న: నా వయసు 47. పెళ్లయి పాతికేళ్లు. మావారు ప్రభుత్వోద్యోగి, మంచివారు. కరెంటు బిల్లు, బ్యాంకు, గ్యాసు, పిల్లల ఫీజులు... ఏదీ నా దాకా రానివ్వలేదు. మొన్న ఆషాఢంలో ఆయనకు గుండెనొప్పి వచ్చి స్టెంటు వేశారు. ఆసుపత్రి కౌంటరులో హెల్త్ కార్డు అడిగితే అది ఎక్కడుందో నాకు తెలియదు. ఏటీఎం కార్డు చేతిలో ఉంది, పిన్ తెలియదు. బెంగళూరు నుంచి పరుగున వచ్చిన అమ్మాయి అందరి ముందూ 'నీకేమీ తెలియదు, నువ్వు పక్కన కూర్చో అమ్మా' అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. అదే అమ్మాయి ఇప్పుడు వేరే కులం అబ్బాయిని చేసుకుంటానంటోంది. చెప్పేది వినకుండానే ఏడుస్తానని, నాది ఇరుకు బుద్ధి అని దాని ఫిర్యాదు. మారాలని నాకూ ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడం, నడక, ధ్యానం, డైరీ, ఇంగ్లీషు, పుస్తకాలు చదవడం అని పట్టిక రాసి గోడకు అంటించుకున్నాను. ఐదో రోజుకు అన్నీ ఆగిపోయాయి. ఈ వయసులో నా కాళ్ల మీద నేను నిలబడాలనుకోవడం తప్పా? మీరే ఒక దినచర్య రాసివ్వండి. తు.చ. తప్పకుండా పాటిస్తాను.
- ఒక సోదరి, రాజమహేంద్రవరం (ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం)

జవాబు: అమ్మా, మీ పూర్తి ఉత్తరం నాలుగు పేజీలు. రెండోసారి చదివేటప్పుడు పెన్సిలు పట్టుకుని 'తప్పా?' అన్న మాట కనిపించిన చోటల్లా గీత గీశాను. ఐదు గీతలు తేలాయి. బ్యాంకు పని నేర్చుకోవాలనుకోవడం తప్పా, కూతురి మాటకు బాధపడటం తప్పా, ఆయన నిద్రపోతుంటే ఒక్కదాన్నే గోదావరి గట్టుకు వెళ్లి కూర్చోవాలనిపించడం తప్పా... పాతికేళ్లు మీవారిని అడిగారు, ఇప్పుడు నన్ను అడుగుతున్నారు. చెప్పేవాళ్లు మారారు కానీ అడగడం ఆగలేదు. అందుకే ఆ దినచర్య నేను రాసివ్వను. రాసిస్తే గోడ మీది పాత పట్టిక చింపి కొత్తది అంటించుకుంటారు, అంతే తేడా. కోపగించుకోకండి. మీ ఉత్తరంలో నాకు తోచిన సంగతులు మాత్రం చెబుతాను. వాటిలో ఏది తీసుకుంటారో, ఏది పక్కన పెడతారో మీ ఇష్టం.

ముందు ఆసుపత్రి సంగతి. ఆ రోజు మీకు ఏమీ తెలియకపోవడం మీ తెలివికి సంబంధించిన విషయం కాదు. చేయి విరిగితే కట్టు కడతారు కదా. నెలన్నర తర్వాత విప్పి చూస్తే చేయి సన్నబడి ఉంటుంది, గ్లాసు ఎత్తడానికి కూడా వణుకుతుంది. ఆ చేతిలో జబ్బేమీ లేదు, వాడకపోవడమే కారణం. మీకు కట్టు కట్టి పాతికేళ్లయింది. కట్టింది ప్రేమతోనే, నేను కాదనను. ప్రేమతో కట్టినది కాబట్టే విప్పమని అడగడానికి ఇన్నేళ్లు నోరు రాలేదు.

ఇక గోడ మీది పట్టిక. అది ఐదు రోజులు నిలవడమే నాకు ఆశ్చర్యం. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు గమనించింది. ఆ ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఒక్కొక్కరూ ఎంచుకున్నది ఒకే ఒక్క పని: మధ్యాహ్న భోజనంతో పాటు ఒక పండు తినడమో, కాసేపు పరుగెత్తడమో, అలాంటిది. అది తలచుకోకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోతే, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని ఆ 12 వారాల తీరును బట్టి అంచనా వేశారు. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. మీరేమో ఒకే తెల్లవారుజామున ఆరు మొదలుపెట్టారు, ఒకరోజు తప్పగానే ఆరూ వదిలేశారు. అది కూడా గుండె జబ్బు మనిషికి రాత్రిళ్లు కాపలా కాస్తున్న రోజుల్లో, నాలుగున్నరకు లేచి! మీ మీద మీకు కొంచెం దయ ఉండాలమ్మా.

ఆ పరిశోధనలో నాకు బాగా నచ్చినది ఇంకొకటుంది. కొత్త పనిని వాళ్లు గడియారానికి కాకుండా రోజూ ఎలాగూ జరిగే పనికి ముడిపెట్టుకోవచ్చు, ఉదయం టిఫిను అయ్యాక అన్నట్టు. మీ ఇంట్లో అలాంటి ముళ్లకు కొదవ లేదు. పొద్దున కాఫీ గ్లాసులు కడిగి బోర్లిస్తారు. అక్కడే ఒక పని తగిలించండి: ఈ రోజు ఎవరినీ అడగకుండా నేను తేల్చే విషయం ఏమిటి? ఒక్కటే. మొదటి వారం వంకాయా బెండకాయా అన్నంత చిన్నదైనా పర్వాలేదు. రెండో వారం గ్యాసు బండ బుక్ చేయడం. ఆ తర్వాత కరెంటు బిల్లు, ఏటీఎంలో 500 రూపాయలు తీసుకురావడం. పిన్ తప్పు కొడితే కార్డు ఆగిపోవచ్చు. ఆగితే బ్యాంకుకు వెళ్లి అడుగుతారు, వాళ్లు సరిచేస్తారు. ఆ వరుసలో నిలబడటం కూడా పాఠంలో భాగమే. పిన్ ఎక్కడా రాయకండి, ఫోనుకు వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పకండి. మిగతావన్నీ పొరపాట్లతోనే వస్తాయి.

ఇక్కడ భాష గురించి ఒక మాట. రేపు పొద్దున నుంచి మీ మాటలు మీరే వినండి. 'గ్యాసు బుక్ చేయనా?', 'గుడికి వెళ్లనా?', 'ఈ చీర తీసుకోనా?' మన తెలుగులో ఆ ఒక్క 'నా'లో ఎంత వినయం దాక్కుందో! అదే 'గ్యాసు బుక్ చేశాను', 'గుడికి వెళ్లొస్తాను' అని చూడండి. ఇందులో అమర్యాద ఏమీ లేదు. సొంత నిర్ణయమంటే ఎవరినీ సంప్రదించకపోవడం అని కొందరు పొరబడతారు. మనస్తత్వ శాస్త్రంలో ఈ విషయం మీద దశాబ్దాలు పనిచేసిన ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ కూడా స్వయంనిర్ణయం వేరు, ఒంటరితనం వేరు అనే అన్నారు. మనిషికి రెండూ కావాలి, తన నిర్ణయమూ తనవాళ్ల తోడూ. పెద్ద విషయాల్లో మీవారిని 'ఏమంటారు?' అని తప్పక అడగండి. అది సలహా అడగడం. 'చేయమంటారా?' అనేది అనుమతి. ఈ రెంటి మధ్య తేడా రోజుకు పదిసార్లు గమనిస్తే చాలు, ధ్యానం దానంతటదే అయిపోతుంది.

మీవారికి ఇది నొప్పి కలిగించవచ్చు. జబ్బు చేసి లేచిన మగవాళ్లు చాలామంది 'అప్పుడే నన్ను పక్కన పెట్టేశారు' అనుకుంటారు. అందుకే ఆయన చేతులోంచి లాక్కున్నట్టు కాకుండా ఒక మార్గం చెబుతాను. రెండు వందల పేజీల నోటుపుస్తకం కొనండి. సాయంత్రం ఆయన మందులు వేసుకున్నాక పావుగంట ఆయన చెబుతుంటే మీరు రాయండి. హెల్త్ కార్డు నంబరు, బ్యాంకు ఖాతాలు ఏ శాఖలో ఉన్నాయి, అవి ఎవరి పేరు మీద, నామినీగా ఎవరిని పెట్టారు, ఎల్ఐసీ ప్రీమియం తేదీలు, ఇంటి పత్రాలు ఏ బీరువాలో. ఉమ్మడి ఖాతా అయితే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకునేలా ఉందా, ఇద్దరూ సంతకం పెట్టాలా అన్నది కూడా అడిగి రాసుకోండి. చాలా ఇళ్లలో ఇది తెలిసేది తెలియకూడని రోజున. మందుల పేజీ మాత్రం మీదే కావాలి. స్టెంటు వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా మానకూడదు. ఏ మాత్ర ఎందుకో తెలిసిన మనిషి ఇంట్లో ఒకరుండాలి. ఆయనకు చెప్పుకోవడానికి పాతికేళ్ల కష్టం ఉంది, వినేవాళ్లు దొరికితే సంతోషిస్తారనే నా నమ్మకం.

అమ్మాయి అన్న మాట దగ్గరకు వస్తాను. గుచ్చుకుంది నిజం. మరిచిపొమ్మని చెప్పను, మరిచిపొమ్మంటే మరింత గుర్తొస్తుంది. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా ఆచార్యుడు కాలేజీ విద్యార్థులచేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా కలచివేసిన సంఘటన గురించి రాయించాడు. రాసిన వెంటనే వాళ్లకు మనసు ఇంకా బరువెక్కింది. కానీ జరిగినదీ, అప్పుడు తమకు కలిగిన బాధా రెండూ కలిపి రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. మీ పట్టికలోని 'డైరీ'కి బదులు ఇది చేసి చూడండి. నాలుగు రోజులే. ఆ కౌంటరు, ఆ వాసన, ఆ మాట, మీ కాళ్లు వణకడం అన్నీ రాయండి. అక్షరదోషాలు చూడకండి. రాశాక చింపేసినా ఫర్వాలేదు.

రాస్తుంటే బహుశా మీకే ఒకటి కనిపిస్తుంది. ఆ రాత్రి ఆ పిల్ల కూడా భయపడింది, తండ్రి పోతాడేమోనని. భయంలో నోరు జారింది. అలాగని మీరు మింగి ఊరుకోనక్కర్లేదు. 'ఆ రోజు నాకు తెలియని మాట నిజమే, కానీ పదిమందిలో నువ్వలా అనడం నాకు కష్టంగా ఉంది' అని ఒక్క వాక్యం, ఏడవకుండా, ఫోనులో కాకుండా ఎదురుగా చెప్పండి. ఏడుపు వచ్చినా చెప్పండి, వాక్యం మాత్రం పూర్తి చేయండి.

పెళ్లి విషయంలో ఒప్పుకోండి, ఒప్పుకోవద్దు అని నేను చెప్పను. అది నా పని కాదు. ఒకటి మాత్రం అడుగుతాను. నాలుగు పేజీల ఉత్తరంలో ఆ అబ్బాయి కులం మూడుసార్లు రాశారు. పేరు రాయలేదు. ఏం చదివాడో, ఏం చేస్తాడో, అమ్మానాన్నా ఎక్కడుంటారో లేదు. మీకు తెలియదా, తెలుసుకోలేదా? ఏడుపు ముందు వచ్చేస్తే ప్రశ్నకు చోటుండదు మరి. కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త 1950ల మొదట్లో ఒక చిన్న నియమం చెప్పాడు: ఎదుటివాళ్లు చెప్పినదాన్ని మన మాటల్లో తిరిగి చెప్పి, 'అవును, నేనన్నది అదే' అని వాళ్లు ఒప్పుకున్నాకే మన మాట మొదలుపెట్టాలి. వినడానికి తేలికగా ఉంటుంది, చేసి చూస్తే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి నేరుగా పెళ్లి మీద ప్రయోగించకండి. ముందు పక్కింటావిడ మీద, పనమ్మాయి మీద, రాజకీయాలు మాట్లాడే మీ తమ్ముడి మీద ఓ రెండు మూడు వారాలు సాధన చేయండి. (తమ్ముడి గురించి మీరు రాసినది చదివి నవ్వుకున్నాను.) విన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. ఆ భయంతోనే మనం సగంలో అడ్డుపడతాం.

ఇంకొక్కటి. మీ అమ్మాయికి 24 ఏళ్లు, సొంత సంపాదన ఉంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద, మీ సంతకం అవసరం లేకుండానే పెళ్లి చేసుకోగలదు. ఆ సంగతి తనకు తెలియక కాదు. అయినా సెలవు పెట్టి, రైలెక్కి వచ్చి మీ పక్కన కూర్చుని చెప్పింది. తను అన్నది 'ఏమంటావు అమ్మా?' అని. పాతికేళ్ల అలవాటు కొద్దీ మీ చెవికి అది 'చేసుకోనా?' అని వినిపించింది. అనుమతి అడిగితే కాదు, అవును తప్ప మూడో మాట ఉండదు. సలహా అడిగిన మనిషితో మాత్రం గంటలు మాట్లాడవచ్చు.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, రోజూ ఏ కారణం లేకుండా ఏడుపు వస్తున్నా, అది అలవాట్లతో తీరేది కాదు. డాక్టరును చూడండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆయనకు మళ్లీ ఛాతీ నొప్పి వస్తే ఎవరినీ అడగకుండా 108కి చేయండి. ఈ రెండు నంబర్లూ నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.

గోదావరి గట్టు విషయానికి నేను జవాబివ్వలేదని గమనించే ఉంటారు. ఇవ్వను కూడా. మళ్లీ రాస్తే ఎలా సాగుతోందో రాయండి, ఆ అబ్బాయి పేరు కూడా.