ఇంప్లాంట్ ట్రే కోసం తొందర పెడితే

చిట్టీ,

చిత్తూరులో సీఎస్ఎస్‌డీ, అంటే ఆపరేషన్ పనిముట్లు కడిగి స్టెరైల్ చేసే విభాగంలో టెక్నీషియన్‌గా చేరావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. తిరుపతిలో ఇన్నేళ్లు ఈ పనే చేసినదాన్ని కాబట్టి కొన్ని మాటలు రాస్తున్నాను.

ముందు మీ ఆస్పత్రి పాలసీ ఫైలు మొత్తం చదువు. ఆస్పత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ వాళ్లు తనిఖీకి వచ్చే ముందే దాన్ని దులిపి తీసేవాళ్లను చాలామందిని చూశాను, అలా చెయ్యకు. 2020లో కేంద్రం ఇచ్చిన ఇన్‌ఫెక్షన్ నివారణ మార్గదర్శకాలు కూడా సంపాదించుకో.

కడగడం సరిగా లేకపోతే, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ మెషీన్ ఏమీ చెయ్యలేదు. నెత్తురు ఎండిపోకుండా థియేటర్‌లోనే తడిపి పంపమను. కత్తెరలు తెరిచే కడుగు, గొట్టాల్లో బ్రష్ వెయ్యి. మన వైపు బోరు నీళ్లతో మరకలు పడతాయి, చివరిసారి ఆర్వో నీళ్లు వాడు.

రోజూ మొదటి లోడుకు ముందు, ఆటోక్లేవ్ ఖాళీ చాంబర్‌లో గాలి పూర్తిగా పోతోందో లేదో చూసే బోవీ-డిక్ పరీక్ష పెట్టు, 134 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాలు. పరీక్ష కాగితం అంతటా ఒకేలా రంగు మారకపోతే లోపల గాలి మిగిలిందన్నమాట. మెషీన్ ఆపేసి చెప్పు. ప్యాక్ మీది టేపు నల్లబడితే వేడి తగిలిందనే తెలుస్తుంది, అంతకుమించి నమ్మకు.

నాకు ఎక్కువ భయం ఇంప్లాంట్ సెట్లంటేనే, అంటే ఒంట్లో అమర్చే ప్లేట్లు, స్క్రూల ట్రేలు. చెన్నై నుంచి పొద్దుపోయాక వస్తాయి, తెల్లారితే ఆపరేషన్. "అక్కడే స్టెరైల్ చేశారక్కా" అంటాడు తెచ్చినబ్బాయి. ఒప్పుకోవద్దు. విప్పి, లెక్కపెట్టి, కంపెనీ కాగితంలో ఉన్నట్టే కడిగి, బయోలాజికల్ ఇండికేటర్‌తో కలిపి ఆటోక్లేవ్‌లో వెయ్యి. ఆవిరికి త్వరగా చావని బ్యాక్టీరియా బీజాలు అందులో ఉంటాయి. అవి చచ్చాయని తేలేదాకా ట్రే వదలకు. ప్లేటు మీద క్రిములు పొర కట్టాయంటే యాంటీబయాటిక్స్‌కు లొంగడం కష్టం, చాలాసార్లు మళ్లీ కోసి తియ్యాల్సి వస్తుంది.

డాక్టరు గారు కోప్పడితే టెన్షన్ పడకు. "సార్, పాలసీలో ఇలా ఉంది" అని పేజీ చూపించు. నిజంగా ప్రాణం మీదికొస్తే పాలసీలోనే దారి ఉండాలి: వేడి, ఆవిరి, సమయం సరిపోయాయో వెంటనే చూపించే టైప్ 5 కెమికల్ ఇండికేటర్ చూసి ట్రే ఇచ్చి, కారణం రాసి, ఆయన సంతకం తీసుకుని, తర్వాత వచ్చిన బయోలాజికల్ ఇండికేటర్ ఫలితం కూడా నమోదు చెయ్యాలి.

లోడు నంబరు రోగి కేస్ షీట్‌లో ఉండాలి. బయోలాజికల్ ఇండికేటర్ ఫెయిలైతే, అంతకుముందు పాసైన పరీక్ష తర్వాతి లోడులన్నీ వెనక్కి తేవాలి కదా.

మీ ఫైల్లో ఇంప్లాంట్ల సంగతి లేకపోతే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీని రాతపూర్వకంగా అడుగు. లెటర్ ఎలా రాయాలో తెలియకపోతే ఆదివారం ఫోన్ చెయ్యి, కలిసి రాద్దాం.

మీ అత్త,
తిరుపతి