పొసోలే సూప్‌లో స్వీట్‌కార్న్ వేయొచ్చా?

వద్దు, మెక్సికో వాళ్ల పొసోలేకి సున్నపు నీళ్లలో ఉడికించి పొట్టు తీసిన ఎండు తెల్ల మొక్కజొన్న గింజలే కావాలి. ఎండు గింజ పొట్టు మామూలు నీళ్లలో ఎంత ఉడికించినా సరిగా ఊడదు. సున్నం దాన్ని వదులు చేస్తుంది. గింజ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, అందులోని బి3 విటమిన్ కూడా ఒంటికి పడుతుంది. స్వీట్‌కార్న్ లేత గింజ, గంటల తరబడి ఉడికితే తీపి సూప్‌లోకి దిగిపోతుంది.

అరకిలో గింజలకు రెండు లీటర్ల నీళ్లు, రెండు టీస్పూన్ల తినే సున్నం (తాంబూలంలో వాడేదే, గోడలకు వేసేది కాదు) స్టీలు గిన్నెలో కలిపి 20 నిమిషాలు ఉడికించి, రాత్రంతా వదిలేయండి. నీళ్లు పసుపుపచ్చగా మారతాయి. పొద్దున అరచేతుల మధ్య రుద్దితే పొట్టు జిగురుజిగురుగా ఊడొస్తుంది. నాలుగైదుసార్లు బాగా కడిగి, గింజ మొన గిల్లేసి, పంది మాంసంతో మూడు గంటలు ఉడికించండి. గింజ పువ్వులా విచ్చుకుంటుంది, ఆ విచ్చుకోవడమే అందం.

పొసోలే అంటే ఎర్ర మిరపకాయల సూప్ అని చాలామంది అనుకుంటారు. మెక్సికోలోని హలిస్కో రాష్ట్రంలో ఎర్రగానే చేస్తారు, గెరెరో రాష్ట్రంలో మాత్రం ఆకుపచ్చది, తెల్లది ఎక్కువ. తెల్లదానిలో మిరపకాయలు ఉడికించరు.