ఎక్సెల్‌లో చెదిరిపోయే తెలుగు జాబితా

ప్రశ్న: మా గ్రంథాలయంలోని పుస్తకాల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా దింపుకొని ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చి గుర్తులుగా కనిపిస్తోంది. అదే ఫైలు నోట్‌ప్యాడ్‌లో చక్కగా ఉంది. ఫైలు పాడైనట్టేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నోట్‌ప్యాడ్‌లో సరిగా కనిపిస్తోందంటే ఫైలు పాడవలేదు; అయితే ఎక్సెల్‌లో తెరిచిన ఆ కిటికీని సేవ్ చేయకుండానే మూసేయండి. అక్షరాలను కంప్యూటరులో బైట్లుగా దాచే యుటిఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. ఉదాహరణకు ‘కవిత’ అన్న మాటలో గుడితో కలిపి నాలుగు సంకేతాలు, అంటే పన్నెండు బైట్లు ఉంటాయి. ఫైలు ఏ పద్ధతిలో ఉందో తెలియనప్పుడు ఎక్సెల్ దాన్ని విండోస్ పాత రోమన్ సంకేత పట్టిక ప్రకారం బైటుకొక గుర్తుగా చదువుతుంది కాబట్టి, నెత్తిన గీత ఉన్న రోమన్ అక్షరం, దాని పక్కన డిగ్రీ సున్నా పదేపదే వస్తూ పన్నెండు గుర్తులు కనిపిస్తాయి.

ఖాళీ షీటు తెరిచి, ‘డేటా’ ట్యాబులో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి ఫైలును ఎంచుకొని, ‘ఫైల్ ఆరిజిన్’ దగ్గర 65001 సంఖ్యతో ఉన్న యుటిఎఫ్-8ను ఎంచుకోండి. పుస్తకాల ప్రవేశ సంఖ్యలు సున్నాతో మొదలవుతుంటే అక్కడే డేటా రకాలను గుర్తించవద్దని కూడా చెప్పాలి, లేకపోతే 00412 కాస్తా 412 అయి కూర్చుంటుంది. లిబ్రేఆఫీస్ కాల్క్ అయితే ఫైలు తెరిచేటప్పుడే సంకేత పద్ధతి ఏదని అడుగుతుంది. ఈ ఒక్క విషయంలో నా ఓటు దానికే.

మళ్లీ సీఎస్‌వీగా దాచేటప్పుడు ‘సేవ్ యాజ్’ జాబితాలో ‘సీఎస్‌వీ యుటిఎఫ్-8’ అన్నదాన్నే ఎంచుకోవాలి. ఎక్సెల్ అప్పుడు ఫైలు మొదట్లో, అది యుటిఎఫ్-8 అని తెలిపే బామ్ అనే మూడు బైట్ల గుర్తును చేర్చుతుంది గనుక, తరువాత నేరుగా తెరిచినా తెలుగు తెలుగుగానే వస్తుంది. మీ ఫైలులో లేనిది ఆ గుర్తే అయి ఉండాలి. నోట్‌ప్యాడ్‌లో కూడా ‘యుటిఎఫ్-8 విత్ బామ్’ అని సేవ్ చేసి దాన్ని చేర్చవచ్చు. ఎక్సెల్ ‘సేవ్ యాజ్’ జాబితాలోనే ఉండే మామూలు సీఎస్‌వీని ఎంచుకుంటే మాత్రం ‘కవిత’ నాలుగు ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. పిచ్చి గుర్తుల వెనుక అసలు బైట్లు భద్రంగా ఉంటాయి. ప్రశ్నార్థకాల వెనుక ఏమీ మిగలదు, వాటిని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తెలుగు చేయలేదు.

పుస్తకాల జాబితాలో కొంత భాగం, యూనికోడ్ అనే ఉమ్మడి సంకేతాలు వాడని పాత అను ఫాంట్లలో టైపు చేసినదైతే పై మార్గాలేవీ పనిచేయవు, దాన్ని ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవలసిందే.