పొదుపు ముందా, కార్డు బాకీ ముందా?

కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు, క్రెడిట్ కార్డు మీద 60,000 బాకీ, బీరువాలో కొంచెం బంగారం. చీటీ వేసి పొదుపు మొదలుపెట్టాలా, అప్పు తీర్చాలా అని మీరు అడిగారు. ముందు కార్డు తీర్చండి.

కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే 60,000కి 2,100 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 378. మినిమమ్ డ్యూ, అంటే నెలకు కనీసం కట్టాల్సిన మొత్తం, 5 శాతం లెక్కన మీరు కట్టేది 3,000. అంటే అసలులో తగ్గేది 522 మాత్రమే! పైగా పాత బాకీ ఉన్నంతకాలం, కొత్తగా గీకిన కిరాణా బిల్లుకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. అందుకని ఈ రోజే ఆ కార్డు వాడటం ఆపండి.

బంగారం తాకట్టు పెట్టాలంటే ఇంట్లో మనసొప్పదు, ఆ బాధ నాకు తెలుసు. కానీ బ్యాంకులో గోల్డ్ లోన్ రూపాయి వడ్డీకి కాస్త అటూ ఇటుగా దొరుకుతుంది. అదే 60,000కి నెలకు 600. ఆ డబ్బుతో కార్డు ఒకేసారి కట్టేసి, ఇన్నాళ్లూ కట్టిన ఆ 3,000 నెలనెలా లోన్‌కి కట్టండి. రెండేళ్లలోపే నగ ఇంటికొస్తుంది. లోన్ గడువు ఏడాదే అయితే రెన్యూవల్ సంగతి ముందే అడగండి.

చీటీ ఆలోచన మాత్రం ఆ తర్వాతే, అదీ రిజిస్టర్ అయిన చీటీ అయితేనే.