పోలింగ్ చేసిన ఫిల్మ్‌లో సిగ్నల్ రెండు రోజులకే ఎందుకు పడిపోతుంది?

పీఎంఎంఏ అనే పారదర్శక ప్లాస్టిక్‌లో డిస్పర్స్ రెడ్ 1 అనే డైని కలిపి కరోనా పోలింగ్ చేశారు, అంటే ఫిల్మ్‌ను వేడిచేసి, పైనున్న తీగకు అధిక వోల్టేజీ ఇచ్చి, డై అణువులను ఒకే దిశకు తిప్పారు. సెకండ్ హార్మోనిక్ సిగ్నల్ (లేజర్ పడినప్పుడు ఫిల్మ్ నుంచి రెట్టింపు ఫ్రీక్వెన్సీతో వచ్చే కాంతి, అమరికకు కొలత) రెండు రోజుల్లో సగమైంది, వోల్టేజీ పెంచాలా అని అడుగుతున్నారు. పెంచకండి. విద్యుత్ ఫీల్డ్ చేసేది అణువులను తిప్పడం వరకే. తిరిగినవాటిని పట్టి ఉంచేది చల్లారి బిగిసిన పాలిమర్.

ముందు ఒక లెక్క. సిగ్నల్ తీవ్రత d33 (అమరికను బట్టి పెరిగే, ఫ్రీక్వెన్సీని రెట్టింపు చేసే గుణకం) వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, సగమైందంటే అమరికలో పోయింది 30 శాతం లోపే. పైగా కరోనా తర్వాత ఫిల్మ్ ఉపరితలంపై మిగిలే ఛార్జి కూడా కొంత సిగ్నల్ ఇస్తుంది, అది కారిపోయే కొద్దీ ఆ వాటా తగ్గుతుంది. అందుకే పోలింగ్ అయిన వెంటనే తీసిన కొలతను మొదటి విలువగా రాసుకోవద్దు. మర్నాడు తీసినదాన్ని ఆధారంగా పెట్టుకోండి.

అసలు దోషం ఎక్కువగా టీజీ, అంటే బిగిసిన పాలిమర్ మెత్తబడే ఉష్ణోగ్రత, దగ్గరే ఉంటుంది. మామూలు పీఎంఎంఏ టీజీ సుమారు 105 డిగ్రీలని చదివి అదే అంకెతో పని చేస్తాం. కానీ డై ప్లాస్టిసైజర్‌లా (పాలిమర్‌ను మెత్తబరిచే పదార్థంలా) పనిచేసి దాన్ని కిందికి దించుతుంది, మిగిలిపోయిన సాల్వెంట్ ఇంకా దించుతుంది. మీ మిశ్రమం టీజీని డీఎస్‌సీలో (నమూనాను వేడిచేస్తూ అది తీసుకునే ఉష్ణాన్ని కొలిచే పరికరంలో) కొలవండి, అంకె రెండో హీటింగ్ నుంచి తీసుకోండి. ఫిల్మ్‌ను మాత్రం స్పిన్ చేశాక (ద్రావణాన్ని వేగంగా తిరిగే పలకపై పలచగా పరిచాక) వ్యాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టాలి. లేకపోతే ఫిల్మ్ టీజీ డీఎస్‌సీ అంకె కంటే తక్కువే ఉంటుంది. త్వరగా ఎగిరిపోయే టీహెచ్ఎఫ్ సాల్వెంట్ కంటే క్లోరోబెంజీన్, సైక్లోపెంటనోన్‌లతో ఫిల్మ్ నున్నగా వస్తుంది, కానీ అవి వదలడానికి టైమ్ పడుతుంది. ద్రావణాన్ని 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లో వడపోయడం మానకండి. ఒక్క దుమ్ము రేణువు చాలు, అక్కడే బ్రేక్‌డౌన్ అవుతుంది, అంటే కరెంటు ఫిల్మ్‌ను చీల్చుకుని పోతుంది.

టంగ్‌స్టన్ తీగ ఫిల్మ్‌కు 1 సెంటీమీటరు పైన, 4–6 కిలోవోల్టులు, కింద ఐటీఓ (కరెంటు పోనిచ్చే పారదర్శక పూత) గ్రౌండ్: కరోనాకు ఇది చాలు. సప్లైకి సిరీస్‌లో పెద్ద రెసిస్టర్ ఉండాలి, ఓజోన్ బయటికి పోయే దారి ఉండాలి. టీజీ దగ్గరికి తెచ్చి 10–15 నిమిషాలు ఉంచండి. ఆ తర్వాత, ఫీల్డ్ ఆపకుండానే, నిమిషానికి 1–2 డిగ్రీల చొప్పున దించండి. టీజీకి 20 డిగ్రీల కింద ఒక గంట ఆగితే గొలుసుల మధ్య ఖాళీ తగ్గి డైకి మళ్లీ తిరిగే చోటు తక్కువవుతుంది. చాలామంది తొందరపడేది ఇక్కడే. గది ఉష్ణోగ్రతకు వచ్చాకే వోల్టేజీ తీయాలి. ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు తీస్తే చేసిందంతా పోతుంది.

అమరిక నిజంగా వచ్చిందో లేదో శోషణ చెబుతుంది: ఫిల్మ్‌కు నిలువుగా తిరిగిన అణువులు నేరుగా పడే కాంతిని తక్కువ పీలుస్తాయి. పోలింగ్‌కు ముందు, తర్వాత 490 నానోమీటర్ల దగ్గరున్న పీక్‌ను కొలవండి, ఎంత శాతం తగ్గిందో చూడండి. తర్వాత అదే ఫిల్మ్‌ను ఫీల్డ్ లేకుండా టీజీ దాటించి కాసేపు ఉంచి మళ్లీ కొలవండి. పీక్ పూర్తిగా వెనక్కి రాకపోతే ఆ తగ్గుదలలో కొంత అమరిక కాదు, డై ఆవిరైపోయిందో, కరోనా దాన్ని పాడుచేసిందో అనుకోవాలి.

ఫీల్డ్‌తో రాబట్టగలిగేదానికీ హద్దుంది. డిస్పర్స్ రెడ్ 1 డైపోల్ (అణువులో ఛార్జి ఎంత విడిపోయిందో చెప్పే కొలత) సుమారు 8 డిబై అనుకుంటే, మైక్రాన్‌కు 100 వోల్టుల దగ్గర అమరిక ఎంతో చెప్పే μE/5kT (μ డైపోల్, E ఫీల్డ్, kT అణువులను చెదరగొట్టే ఉష్ణ శక్తి) విలువ 0.1 మాత్రమే. ఫీల్డ్ రెట్టింపు చేయబోతే ముందు ఉపరితలం గుంతలు పడుతుంది. డై శాతం పెంచినా ఒక దశ తర్వాత లాభం ఉండదు: డైపోల్స్ దగ్గరై ఒకదానికొకటి ఎదురుగా జంట కడతాయి, టీజీ ఇంకా పడుతుంది. బరువులో 10 శాతం దగ్గర మొదలుపెట్టండి.

నెలల తరబడి నిలవాలంటే మాత్రం డైని ఊరికే కలిపితే కుదరదు. దాన్ని మెథాక్రిలేట్ గొలుసుకు కట్టిన కోపాలిమర్ తీసుకోండి, లేదా క్రాస్‌లింక్ చేయండి, అంటే గొలుసులను ఒకదానితో ఒకటి కట్టేయండి. క్రాస్‌లింకింగ్ పోలింగ్ జరుగుతుండగానే పూర్తి కావాలి. ముందే ముగిస్తే అణువులు తిరగవు.