ఈకలు రాలుతున్న కోళ్లకు మందు కాదు, మేత కావాలి

ప్రశ్న: 16 నెలల గ్రామప్రియ కోళ్లు 24 ఉన్నాయి. కార్తీకం మొదలైనప్పటి నుంచి మెడ, వీపు మీద ఈకలు రాలిపోతున్నాయి, గుడ్లు ఆగిపోయాయి. పేలు పట్టాయని పురుగుమందుల షాపులో స్ప్రే మందు, నీళ్లలో కలిపే యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గలేదు. ఇప్పటిదాకా టీకాలు వేయించలేదు. – ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: ఇవి పేలు కావు. పగటి వెలుతురు తగ్గే ఈ రోజుల్లో, ఏడాది దాటిన కోడి పాత ఈకలు వదిలి కొత్తవి వేసుకుంటుంది. ముందు తల, మెడ, తర్వాత వీపు, చివరికి తోక. రెక్క కింద, మలద్వారం చుట్టూ ఈకల మొదళ్లు చూడండి. పేల గుడ్ల గుత్తులు లేకుండా, ముళ్లలా కొత్త ఈకలు మొలుస్తుంటే సందేహం అక్కర్లేదు. అవి నెత్తురుతో నిండి నొప్పి పుడతాయి కాబట్టి కోళ్లను మాటిమాటికీ పట్టుకోకండి.

ఆ రెండు మందులూ ఈ రోజే ఆపేయండి. పైరు మీద కొట్టే మందును కోడి మీద కొట్టమన్న వ్యాపారి మాట ఎలా నమ్మారు? ఆ విషం, యాంటీబయాటిక్ రెండూ రేపు మీ పిల్లలు తినే గుడ్లలోకి వచ్చే ప్రమాదం ఉంది.

ఈకలో 85 శాతానికి పైగా మాంసకృత్తులే. ఉత్త నూకలతో అవి రావు. 10 కిలోల దాణాకు మొక్కజొన్న నూక 5.7 కిలోలు, సోయా చెక్క 2.5, తవుడు 1.5, ఖనిజ లవణ మిశ్రమం 270 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు కలపండి. బయట తిరిగి మేసేవాటికి సాయంత్రం కోడికి 60 గ్రాములు పెట్టండి. రెండు మూడు నెలల్లో గుడ్లకు వస్తాయి. లైట్లు ఇప్పుడే వేయొద్దు. ఈకలు నిండాక తెల్లవారుజామున 4.30 నుంచి వెలుతురు వచ్చేదాకా, మళ్లీ పొద్దుగూకినప్పటి నుంచి రాత్రి 8 దాకా చాలు.

నన్ను నిజంగా భయపెట్టింది మీ ఆఖరి మాట. కొక్కెర తెగులు (రాణిఖేత్) వస్తే మందు లేదు, టీకా లేని గుంపు రోజుల్లో తుడిచిపెట్టుకుపోతుంది. ఈకలు నిండగానే, గుడ్లకు రాకముందే ఈ తెగులుకు వేసే ఆర్2బి టీకా అర మి.లీ. రెక్క దగ్గర చర్మం కిందికి వేయించండి. వారం ముందు నట్టల మందు తాగించాలి. గుడ్లు పెట్టేటప్పుడు ఈ టీకా వేస్తే గుడ్లు తగ్గుతాయి, అందుకే ఇదే అదను. కొత్త పిల్లలు తెస్తే 7వ రోజు, 28వ రోజు ఇదే తెగులుకు పిల్లలకు వేసే లసోటా టీకా కంట్లో ఒక్కో చుక్క, 8–10 వారాలకు ఆర్2బి. టీకాను ఐసులో పెట్టి తెచ్చి, చల్లని పూట వేయించండి. కలిపిన సీసాను రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది దాచడానికి లేదు. అందరి కోళ్లకూ ఒకేసారి టీకా పడేలా, వీధిలో కోళ్లున్నవాళ్లందరికీ ముందురోజే చెప్పి, రాత్రి వాటిని గూళ్లలో మూసి ఉంచమనండి.