రైతు పేరులో కొమ్ములు ఎందుకు రాలిపోతున్నాయి?

కంప్యూటర్ సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: మా ఊరి రైస్‌మిల్లుకు ధాన్యం కొనుగోలు రసీదులు వేసే చిన్న డెస్క్‌టాప్ ప్రోగ్రామును జావా స్వింగ్‌లో (జావా భాషలో విండోలు, ఫీల్డులు తయారుచేసే లైబ్రరీ) రాస్తున్నాను. రైతు పేరు, బస్తాల సంఖ్య, ఫోను నంబరు అని అందులో మూడు టెక్స్ట్ ఫీల్డులు ఉన్నాయి. పేరులో అంకెలు, మిగతా రెంటిలో అక్షరాలు పడకూడదని కీలిజనర్ (మీటలు నొక్కడాన్ని వినే కోడు) పెట్టి, కీటైప్డ్ మెథడ్‌లో వచ్చిన ప్రతి అక్షరాన్నీ అక్షరమా అని చూసే ఈజ్‌లెటర్, అంకెనా అని చూసే ఈజ్‌డిజిట్‌లతో పరీక్షించి, పనికిరానిదాన్ని కన్‌స్యూమ్ చేస్తున్నాను (ఫీల్డులోకి వెళ్ళకుండా ఆపేస్తున్నాను). ఇంగ్లిషు పేర్లు సరిగానే పడుతున్నాయి. తెలుగులో ‘రాముడు’ అని కొడితే మాత్రం ‘రమడ’ అని పడుతోంది. పైగా మా గుమాస్తా వేరేచోట నుంచి కాపీ చేసి పేస్ట్ చేసిన ఫోను నంబరులో ఖాళీలు, ప్లస్ గుర్తు అన్నీ లోపలికి వచ్చేస్తున్నాయి. ఇది ఫాంటు లోపమా, కీబోర్డు లోపమా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: రెండింటిలోనూ లోపం లేదు. మీరు కాపలా పెట్టిన చోటులోనూ, కాపలాదారుకు చెప్పిన గుర్తుల్లోనూ ఉంది. ముందు గుర్తుల సంగతి చూద్దాం.

మీరు కీప్రెస్డ్‌ను కాక కీటైప్డ్‌ను ఎంచుకోవడం మంచిదే. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో ‘ర’ కోసం జె మీటను నొక్కుతాం కనుక, కీప్రెస్డ్‌కు జె అనే మీట సంగతి తెలుస్తుందే గాని, దానివల్ల ఏ అక్షరం పుట్టిందో తెలియడానికి కీటైప్డ్ దాకా ఆగాలి. అయితే ‘రాముడు’ మన కంటికి మూడు అక్షరాలైనా, అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్ లెక్కలో అవి ఆరు సంకేతాలు: ర, దీర్ఘం, మ, కొమ్ము, డ, కొమ్ము. వీటిలో ర, మ, డలను మాత్రమే యూనికోడ్ ‘అక్షరం’ అనే వర్గంలో చేర్చింది. గుణింతపు గుర్తులన్నీ, సున్నా, పొల్లు కూడా, ‘చిహ్నం’ అనే వేరే వర్గంలో ఉన్నాయి. ఈజ్‌లెటర్ ఆ రెండో వర్గాన్ని ఒప్పుకోదు, మీ ప్రోగ్రాము వాటిని మింగేస్తుంది. ‘వెంకటరావు’ అని కొట్టి చూడండి, ‘వకటరవ’ మిగులుతుంది.

ఈజ్‌లెటర్ బదులు ఈజ్‌ఆల్ఫబెటిక్ వాడమని మీకు ఎవరైనా సలహా ఇస్తారు. దానితో గుణింతాలూ సున్నాలూ దాటుతాయి గాని పొల్లు దాటదు, పొల్లు లేనిదే ఒత్తు పుట్టదు. అందువల్ల ‘అప్పారావు’ కాస్తా ‘అపపారావు’ అవుతాడు. నా దృష్టిలో ఇది మొదటి తప్పుకంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే ‘రమడ’ను ఎవరైనా వెంటనే పట్టుకుంటారు, ఒత్తు విడిపోయిన పేరు మాత్రం హడావుడిలో రసీదు మీదికి ఎక్కి రైతు చేతికి వెళ్ళిపోతుంది. ఇవి కాక ‘జాన్‌బాబు’ వంటి పేర్లలో ‘న్’ తరువాత బాబు ఒత్తుగా అతుక్కోకుండా ఆపే కనిపించని సంకేతం ఒకటి ఉంటుంది, అది ఈ రెండు పరీక్షల్లోనూ నెగ్గదు. ఇంటిపేరు పొడి అక్షరం తరువాతి చుక్క, పేర్ల మధ్య ఖాళీ ఎలాగూ ఉన్నాయి. కనుక పేరు ఫీల్డులో ఏవి రావచ్చో జాబితా వేయడం మానుకుని, ఏవి రాకూడదో అంతవరకే ఆపండి. మీ అవసరానికి అంకెలను నిరాకరిస్తే చాలు.

ఇక కాపలా పెట్టిన చోటు. కంట్రోల్, వి కలిపి నొక్కినప్పుడు పేస్ట్ అయ్యే పది అంకెలు పదిసార్లు కీటైప్డ్ గుండా రావు, పేస్ట్ అనే చర్య ఆ పాఠాన్ని మొత్తంగా డాక్యుమెంటులో (ఫీల్డులోని పాఠాన్ని దాచిపెట్టే భాగంలో) పెట్టేస్తుంది. మౌసుతో లాక్కొచ్చి వదిలినా, ప్రోగ్రామే సెట్‌టెక్స్ట్ పిలిచినా అంతే. వీధి తలుపు దగ్గర ఎంత గట్టి మనిషిని నిలబెట్టినా పెరటి తలుపులు తెరిచే ఉన్నాయన్నమాట. ఈ దారులన్నీ చివరికి కలిసేది డాక్యుమెంటు దగ్గరే కనుక, తనిఖీ అక్కడే జరగాలి. దీనికోసమే జావా 1.4 నుంచి డాక్యుమెంట్‌ఫిల్టర్ ఉంది. ఫీల్డు నుంచి డాక్యుమెంటును తీసుకుని, దాన్ని అబ్‌స్ట్రాక్ట్‌డాక్యుమెంట్‌గా కాస్ట్ చేసి (అది ఆ రకానిదని ప్రోగ్రాముకు చెప్పి), సెట్‌డాక్యుమెంట్‌ఫిల్టర్‌తో మీ ఫిల్టరును తగిలించండి.

ఇందులో ఇన్‌సర్ట్‌స్ట్రింగ్, రిమూవ్, రీప్లేస్ అని మూడు మెథడ్‌లు ఉంటాయి. పేరును బట్టి చాలామంది ఇన్‌సర్ట్‌స్ట్రింగ్ ఒక్కటే రాసి, ఫిల్టరు పనిచేయడం లేదని తల పట్టుకుంటారు. టెక్స్ట్ ఫీల్డులో టైపు చేసినా, పేస్ట్ చేసినా పిలుపు వచ్చేది రీప్లేస్‌కు, అందుచేత అసలు పరీక్ష అందులో ఉండాలి. దానికి వచ్చే పాఠం కొన్నిసార్లు నల్ (అసలు పాఠమే లేకపోవడం) కావచ్చు, ముందుగా అది చూసుకోండి. డాక్యుమెంట్‌లిజనర్‌తో ఈ పని చేయబోకండి. మార్పు జరిగిందని చెప్పడమే దాని పని, ఆ కబురు అందుతున్న సమయంలోనే మీరు పాఠాన్ని మళ్ళీ మార్చబోతే ఇల్లీగల్‌స్టేట్ ఎక్సెప్షన్ అనే దోషం వస్తుంది.

ఫోను నంబరు ఫీల్డుకు పేస్ట్ చేసినదాన్ని మొత్తంగా తిరస్కరించడం గుమాస్తాను విసిగించడమే అవుతుంది. అంకెలు కానివాటిని ఫిల్టరులో రాల్చేసి మిగిలినవి లోపలికి పంపండి. దేశ సంకేతం 91ని మాత్రం అక్కడ తీసేయవద్దు, ఎందుకంటే 91తోనే మొదలయ్యే మామూలు మొబైల్ నంబర్లు ఉన్నాయి. భద్రపరిచే సమయంలో మొత్తం 12 అంకెలుండి, మొదటి రెండూ 91 అయితేనే వాటిని తొలగించాలి.

ఈజ్‌డిజిట్ గురించి ఒక్క మాట. అది ‘౫’ను కూడా అంకెగానే ఒప్పుకుంటుంది, పాఠాన్ని సంఖ్యగా మార్చే పార్స్‌ఇంట్ కూడా దాన్ని 5 అనే చదువుతుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (అక్షరాల నమూనాను వర్ణించే సూత్రంలో) అంకెలకు వాడే బ్యాక్‌స్లాష్ డి మాత్రం, ప్రత్యేకంగా చెప్పకపోతే, 0 నుంచి 9 వరకే గుర్తిస్తుంది. ఒకే ప్రోగ్రాములో రెండు భాగాలు ఒకే అంకె మీద పోట్లాడుకోవడం అలా మొదలవుతుంది. బస్తాల లెక్క ఎలాగో గట్టెక్కినా, ‘౯’తో నిల్వచేసిన ఫోను నంబరు ‘9’తో వెతికితే దొరకదు. తెలుగు అంకెలను తోసిపుచ్చమని నేను చెప్పను. క్యారక్టర్ తరగతిలోని డిజిట్ మెథడ్‌తో విలువ తీసుకుని, ఫిల్టరులోనే మామూలు అంకెగా మార్చి లోపలికి పంపండి.

ప్రశ్న: ఎంటర్ నొక్కితే తరువాతి ఫీల్డుకు వెళ్ళాలని, ఎఫ్2 నొక్కితే రసీదు ప్రింట్ కావాలని కీలిజనర్ రాశాను. ఎఫ్2 ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి పనిచేయదు. ట్యాబ్ అసలు నా కోడుకు అందడమే లేదు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కీలిజనర్‌ను దేనికి తగిలించారో దాని మీద ఫోకస్ (నొక్కిన మీటలను అందుకునే వంతు) ఉన్నంతసేపే అది వింటుంది. మీరు బటన్ మీదికో పట్టిక మీదికో వెళ్ళగానే దానికి చెవులు మూసుకుపోతాయి. ఎఫ్2ను రూట్‌పేన్ (విండో మొత్తానికి ఆధారమైన పొర) ఇన్‌పుట్‌మ్యాప్‌లో (ఏ మీటకు ఏ చర్య పేరో రాసుకునే జాబితాలో), విండోలో ఎక్కడ ఫోకస్ ఉన్నా పనిచేసే రకంలో నమోదు చేసి, యాక్షన్‌మ్యాప్‌లో (ఆ పేరుకు ఏ పనో రాసుకునే జాబితాలో) ప్రింట్ పనిని దానికి జోడించండి. ఎంటర్‌కు కీలిజనర్ అక్కర్లేదు. టెక్స్ట్ ఫీల్డుకు యాక్షన్‌లిజనర్ పెట్టి అందులో ట్రాన్స్‌ఫర్‌ఫోకస్ పిలవండి. ట్యాబ్‌ను ఫోకస్ మార్చే యంత్రాంగం ముందే తీసేసుకుంటుంది, అది చేసే పనే మీకూ కావాలి కనుక దాన్ని అలాగే వదిలేయండి.

ప్రశ్న: పేరు 15 అక్షరాలు దాటకూడదని ఫిల్టరులో లెంగ్త్ (పాఠం పొడవు) చూస్తున్నాను. తెలుగు పేర్లు సగంలోనే ఆగిపోతున్నాయి.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లెంగ్త్ లెక్కపెట్టేది సంకేతాలను. మనం ఒకే అక్షరంగా చదివే ‘స్త్రీ’లో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని ఆరు ఉన్నాయి. చదువరి దృష్టిలోని అక్షరాలను లెక్కించే నియమాలు యూనికోడ్‌లో ఉన్నా, 2023లో వచ్చిన 15.1 సంచికకు ముందు అవి పొల్లు దగ్గర తెగి ‘స్త్రీ’ని మూడుగా లెక్కించేవి, కనుక పాత లైబ్రరీ వాడితే ఇప్పటికీ ఆ లెక్కే వస్తుంది.

అసలు ఈ 15 ఎందుకని మిమ్మల్ని మీరు అడగండి. కాగితం మీద పట్టదన్న భయమైతే, ఫాంట్‌మెట్రిక్స్‌లోని స్ట్రింగ్‌విడ్త్‌తో వెడల్పు కొలిచి దాన్ని బట్టి ఆపండి. డేటాబేస్‌లో చోటు గురించైతే బైట్లు లెక్కించాలి. యూనికోడ్ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున ‘స్త్రీ’కి 18 బైట్లు కావాలి. ఈ రెండు కారణాలూ కాకపోతే ఆ పరిమితిని తీసేయండి.